చెమటను నమ్మకండి

ఫిబ్రవరి దాటితే గుంటూరు మిర్చి యార్డులో చెమట పట్టని మనిషి కనపడడు. టైప్ వన్ షుగర్ ఉన్న కుర్రాడికి అక్కడే వస్తుంది చిక్కు. షుగర్ పడిపోయేటప్పుడు ముందు వచ్చేవి చెమట, వణుకు, గుండె దడ, చిరాకు. టిక్కీలు (మిర్చి బస్తాలు) మోసే ముఠావాళ్లకీ, ఎండలో కాటా దగ్గర నిలబడ్డ గుమాస్తాకీ రోజూ ఉండేవి అవే. ఎండేలే అనుకుని ఇంకో నాలుగు టిక్కీలు ఎత్తితే పడిపోయేది అప్పుడే.

అందుకని అనుమానం వస్తే పని ఆపి వేలు గుచ్చి చూసుకోవాలి. ముందు చెయ్యి సబ్బుతో కడుక్కోండి. మిర్చి అంటిన వేలికి సూది తగిలితే ఆ మంట ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. బెల్లమో పండురసమో అంటి ఉంటే మీటరు లేని షుగర్ చూపిస్తుంది. 70 కంటే తక్కువ ఉంటే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగి, 15 నిమిషాలాగి మళ్లీ చూసుకోవాలి. మీటరు దగ్గర లేకపోతే పడిందనే అనుకుని తాగేయండి. చాక్లెట్‌లో కొవ్వు ఉంటుంది, ఆలస్యంగా పనిచేస్తుంది. గ్లూకోజు పొట్లం ఉండాల్సింది చొక్కా జేబులో, బండి డిక్కీలో కాదు.

జబ్బు సంగతి షావుకారుకు చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం. పక్కన పనిచేసే ఒక్కడికైనా చెప్పి తీరాలని మాత్రం నా గట్టి అభిప్రాయం. షుగర్ పడినవాడి మాట తడబడుతుంది, అడుగు తూలుతుంది, తెలియనివాళ్లు తాగొచ్చాడనుకుంటారు. ఇలా చెప్తే చాలు: "అన్నా, నేను ఇన్సులిన్ వేసుకుంటా. తేడాగా మాట్లాడితే పంచదార నీళ్లు తాగించు. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయొద్దు, పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చెయ్యి." షుగరోడు బరువు పనికి రాడు అనేవాళ్లుంటే వసీం అక్రమ్ పేరు చెప్పండి. 1997లో ఈ జబ్బు బయటపడ్డాక కూడా 2003 దాకా ఫాస్ట్ బౌలింగ్ చేశాడు.

బరువు మోసిన రోజు షుగర్ పగలే కాదు, రాత్రి నిద్రలో కూడా పడుతుంది. సీజన్ రోజులకు ఒక మోతాదు, ఖాళీ రోజులకు ఒక మోతాదు డాక్టరు చేత కాగితం మీద రాయించుకోండి. సొంతంగా తగ్గించొద్దు. వాంతులై తిండి దిగకపోయినా ఇన్సులిన్ పూర్తిగా మానొద్దు. వాంతులతో పాటు కడుపునొప్పి, ఆయాసం ఉంటే ఆసుపత్రికి వెళ్లాల్సిందే, తెల్లారేదాకా ఆగకూడదు. కాకరకాయ రసం తాగి సూది మానేయమనే పెద్దలు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. వాళ్లకు తెలిసిన షుగర్ వేరు, మీది వేరు.

ఈ ఊళ్లో మిర్చికి కోల్డ్ స్టోరేజీలున్నాయి, అద్దెగదిలో ఇన్సులిన్‌కు ఫ్రిజ్ ఉండదు! పెద్ద కుండలో తడి ఇసుక పోసి, మధ్యలో చిన్న కుండ దించి, సీసాను ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి అందులో ఉంచండి. ఐసు తగలనివ్వొద్దు, గడ్డకట్టిన ఇన్సులిన్ పారేయాల్సిందే. ఇంకో సంగతి: సీసాల్లో ఎక్కువగా దొరికేది 40 యూనిట్ల రకం, దానికి ఎర్ర మూత సిరంజి. 100 రకానికి నారింజ మూతది. 100 రకాన్ని ఎర్ర మూత సిరంజితో ఎక్కిస్తే రెండున్నర రెట్లు మందు ఒంట్లోకి పోతుంది.

ఇక వైద్యం ఖర్చు సంగతి. చిలకలూరిపేట, గణపవరం, మార్టూరు వైపు స్పిన్నింగు మిల్లుల్లో చేసేవాళ్లు జీతం చీటీ ఒకసారి చూసుకోవాలి. నెల జీతం 21,000 లోపైతే 0.75 శాతం ఈఎస్ఐకి కోసి ఉండాలి. ఆ కార్డు మీద వైద్యం, మందులు ఉచితం. జబ్బుపడి సెలవు పెడితే ఏడాదికి 91 రోజుల వరకు 70 శాతం కూలి వస్తుంది. దానికి ఆరు నెలల కాలంలో 78 రోజుల చందా పడి ఉండాలి. మిల్లు మారినప్పుడు కొత్తచోట పాత ఇన్సూరెన్స్ నంబరే ఇవ్వండి, లేదంటే ఆ లెక్క మళ్లీ మొదటికొస్తుంది.