దంతపదార్థముల బలపరీక్ష: యంత్రము నెన్నుకొను విధము

పుచ్చుపంటిని పూడ్చిన రెసిన్ పదార్థము నమలునప్పుడు విఱిగినచో రోగికి బాధ మరల మొదలగును. కావున దాని బలమును ముందే యంత్రముపై పరీక్షింపవలెను.

అంతర్జాతీయ ప్రమాణమగు ఐ.ఎస్.ఓ. 4049 ననుసరించి, 2 మిల్లీమీటర్ల వెడల్పు, 2 మిల్లీమీటర్ల మందము గల కడ్డీని 37 డిగ్రీల సెంటీగ్రేడు నీటిలో 24 గంటలుంచి, 20 మిల్లీమీటర్ల ఎడముగల రెండు ఆధారములపై నిలిపి, నడుమ నొత్తి విఱిచెదరు. నమలు తలమున వాడు పదార్థము కనీసము 80 మెగాపాస్కళ్ల వంపు ఒత్తిడికి తాళవలెను. లెక్కింపగా, కడ్డీపై బడు బలము సుమారు 21 న్యూటనులు. అనగా రెండు కిలోగ్రాములకు కొంచెము మించిన బరువు.

ఉక్కు కడ్డీల కొఱకు టన్నుల లెక్కన నిర్మించిన బలమాపకము ఇంత స్వల్పబలమును నిక్కముగా చూపజాలదు. అది ధాన్యపు కాటాపై బంగారమును తూచినట్లగును. అందుచే కొనువారు మొదట నమూనా విఱుగు బలమును లెక్కించి, దానికి దగిన లోడ్‌సెల్‌ను, నిమిషమునకు సుమారు 0.75 మిల్లీమీటరు నిలుకడ గమనమును, క్రమము తప్పక సరిచూచు ఏర్పాటును కోరవలెను. యంత్రపు పరిమాణమును, వెలను పిమ్మట విచారింపవచ్చును.