ఈస్టుకు మందు పరీక్ష: డిస్కా, బ్రాతా?

ఈత కల్లును పొంగించేది ఈస్టేనని మన సీమలో చాలామందికి తెలుసు. దాని దాయాది కాండిడా మాత్రం షుగరు పేషంట్ల నోట్లో తెల్లపూతగా మొదలై, ఒక్కోసారి రక్తంలో చేరి ప్రాణం మీదికి తెస్తుంది. దానిపై మందు పనిచేస్తుందో లేదో తేల్చే రెండు పద్ధతులను, నేను చేసిన పొరపాటుతో సహా, మిత్రుల ముందుంచుతున్నాను. అంకెలు అమెరికా సంస్థ సి.ఎల్.ఎస్.ఐ. ప్రమాణాలవి.

మొదటిది డిస్కు పద్ధతి. 2 శాతం గ్లూకోజు, కాస్త మిథిలిన్ బ్లూ కలిపిన ముల్లర్-హింటన్ అగార్ ప్లేటుపై ఈస్టును పరిచి, 25 మైక్రోగ్రాముల ఫ్లుకోనజోల్ డిస్కు పెడతాం. 35 డిగ్రీల వద్ద 20-24 గంటలుంచి, డిస్కు చుట్టూ ఏర్పడిన వలయాన్ని కొలుస్తాం. కాండిడా ఆల్బికన్స్‌కు 17 మి.మీ. లేక అంతకు మించితే మందుకు లొంగినట్లు. 13 లేక అంతకు తగ్గితే లొంగనట్లు. ఖర్చు తక్కువ.

రెండవది బ్రాత్ మైక్రోడైల్యూషన్. 96 గుంటల ప్లేటులో వరుసకు 12 గుంటలు. పదింటిలో మందు మి.లీ.కు 64 నుండి 0.125 మైక్రోగ్రాముల దాకా సగం సగంగా తగ్గుతుంది. ఒకదానిలో మందు లేని ఈస్టు, ఇంకొకదానిలో ఉత్త ద్రవం. మందు లేని గుంటతో పోల్చితే పెరుగుదల సగానికి తగ్గించిన అతి తక్కువ మోతాదే జవాబు. శ్రమ ఎక్కువే గాని కచ్చితమైన అంకె చేతికొస్తుంది.

ప్రాజెక్టు రోజుల్లో ఒక పేషంటు రక్తం నుండి తీసిన ఆల్బికన్స్‌కు డిస్కు పెట్టాను. వలయంలో ఇసుక రేణువుల్లాంటి కాలనీలు కనిపిస్తే "లొంగలేదు" అని రాసేశాను. మా మాస్టారు చూసి, "అబ్బాయ్, ఈ మందు ఈస్టును చంపదురా, ఎదగనీయదు, అంతే. ఆ నలుసుల్ని వదిలి, పెరుగుదల బాగా తగ్గిన చోట కొలువు" అన్నారు. బ్రాత్‌లో చూస్తే 1 మైక్రోగ్రాముకే లొంగింది! నా రిపోర్టు వెళ్లి ఉంటే, కిడ్నీలకు చేటు చేయగల ఆంఫోటెరిసిన్ ఎక్కించేవారేమో!

ఇంకో సంగతి. కర్నూలు, కడపల్లో ఎండాకాలం గది వేడే 35 దాటుతుంది. కరెంటు పోయి ఇంక్యుబేటరు గతి తప్పినా మనకు తెలియకపోవచ్చు. కనుక ఫలితం ముందే తెలిసిన కంట్రోలు ఈస్టును ప్రతిసారీ పక్కన పెట్టాలి. జాతి కూడా తేల్చుకోవాలి. కాండిడా క్రుసై పుట్టుకతోనే ఫ్లుకోనజోల్‌కు లొంగదు.

రోజువారీ పనికి డిస్కు చాలు. అనుమానం వచ్చినా, రక్తం నుండి వచ్చిన ఈస్టయినా బ్రాత్‌తో సరిచూడాలి. ఏ పద్ధతైనా, చదివే కన్ను తప్పితే నష్టపోయేది పేషంటే.