మురుగునీటి శుద్ధి ప్రమాణాల మార్పు: పురపాలక సంఘాలకు సేద్య శాస్త్ర తోడ్పాటు

మురుగునీటి శుద్ధిని పురపాలక ఇంజనీర్ల బాధ్యతగా మాత్రమే పరిగణించడం పరిపాటి. కాని శుద్ధి అయినా కాకున్నా ఆ నీటిలో కొంత భాగం చివరకు పొలాలకే చేరుతుంది. హైదరాబాదు దిగువన మూసీ వెంట పారాగడ్డి, వరి, ఆకుకూరలు దశాబ్దాలుగా ఈ నీటిపై ఆధారపడి సాగవుతున్నాయి. కావున ప్రమాణాలు మారినప్పుడు సేద్య శాస్త్రవేత్తలు కూడా తమ పాత్రను గుర్తించవలసి ఉంటుంది.

ప్రమాణాల పరిణామం

పర్యావరణ (పరిరక్షణ) నియమాలు, 1986 కింది సాధారణ ప్రమాణాల ప్రకారం, ఉపరితల జలాల్లోకి వదిలే నీటిలో జీవరసాయన ఆమ్లజని అవసరం (బి.ఓ.డి.) లీటరుకు 30 మి.గ్రా., సేద్యానికి భూమిపై పారించే నీటిలో 100 మి.గ్రా. మించరాదు. శుద్ధి కేంద్రాలకు ప్రత్యేకంగా 2015లో వెలువడిన ముసాయిదా 10 మి.గ్రా. ప్రతిపాదించగా, 2017 అక్టోబరు ప్రకటన దానిని మహానగరాలకు 20, ఇతర ప్రాంతాలకు 30గా సడలించింది. 2019 ఏప్రిల్ 30న జాతీయ హరిత ట్రిబ్యునల్ బి.ఓ.డి. 10, తేలియాడు ఘనపదార్థాలు 20, మొత్తం నత్రజని 10 మి.గ్రా.గా ఉండాలనీ, పాత కేంద్రాలకు కూడా ఇవి వర్తించాలనీ ఆదేశించింది. కర్బన పదార్థాన్ని తగ్గించడానికే నిర్మించిన కేంద్రంలో నత్రజనిని తొలగించాలంటే అదనపు గాలి సరఫరా, ఆమ్లజని రహిత గదులు, విద్యుత్తు అవసరమవుతాయి. చిన్న పురపాలక సంఘాలకు ఇది పెద్ద భారం.

నత్రజని లెక్క

లీటరుకు 10 మి.గ్రా. నత్రజని గల నీరు ప్రతి 1000 ఘనపు మీటర్లకు 10 కిలోల నత్రజనిని అందిస్తుంది. హెక్టారు వరికి 12,000 ఘనపు మీటర్లు పారిస్తే 120 కిలోలు చేరతాయి. అదే నీటిలో 30 మి.గ్రా. ఉంటే 360 కిలోలు చేరతాయి. మాగాణిలో కొంత వాయురూపంలో నష్టమైనా, పైరు ఏపుగా పెరిగి పడిపోవడానికి, దోమపోటు, అగ్గితెగులు ఉధృతం కావడానికి ఈ మోతాదు చాలు. రైతు వేసే యూరియాను ఈ లెక్కకు అనుగుణంగా తగ్గించాలి.

ప్రమాణాలలో లేని అంశం

సాధారణ జీవ శుద్ధి ప్రక్రియలు కరిగిన లవణాలను తొలగించవు. విద్యుత్ వాహకత మీటరుకు 1.5 డెసిసైమెన్లు గల నీటిని హెక్టారుకు 6,000 ఘనపు మీటర్లు పారిస్తే, సుమారు 5.8 టన్నుల లవణాలు నేలపై చేరతాయి. బి.ఓ.డి. 10 మి.గ్రా. ఉన్న నీరు కూడా నల్లరేగడిలో మురుగు పారుదల లేకుంటే నేలను చౌడుబార్చగలదు. వదిలే నీటి ప్రమాణం వేరు, సేద్య యోగ్యత వేరు.

విస్తరణ శాస్త్రవేత్తలు చేపట్టవలసిన పనులు

1. శుద్ధి కేంద్రం నివేదికలోని అంశాలతో పాటు విద్యుత్ వాహకత, సోడియం శోషణ నిష్పత్తి, బోరాన్, నైట్రేటు, అమ్మోనియా నత్రజని పరీక్షలు రుతువువారీగా జరిపించాలి.
2. పచ్చిగా తినే కూరగాయలకు ఈ నీటిని నివారించి పశుగ్రాసం, పూలు, కలప చెట్లను ప్రోత్సహించాలి. బిందు సేద్యం, కోతకు ముందు కొన్ని రోజులు నీరు ఆపడం సూక్ష్మజీవుల ముప్పును తగ్గిస్తాయి.
3. వర్షాకాలంలో పొలాలకు నీటి అవసరం తగ్గుతుంది. కావున నిల్వ చెరువులు లేకుండా సేద్యాన్నే శుద్ధికి ప్రత్యామ్నాయంగా చూపరాదని పురపాలక సంఘాలకు స్పష్టం చేయాలి.

శుద్ధి ప్రణాళిక రూపొందే దశలోనే ఈ వివరాలు ఇంజనీర్లకు అందితే, పురపాలక సంఘం ప్రమాణాలను పాటించడంతో పాటు దిగువ రైతు నేల కూడా భద్రంగా ఉంటుంది.