పోటీ పరీక్షల ప్రత్యేకం: ఈడొచ్చిన వేడుక, ఆడపిల్ల హక్కు

బాల్య వివాహాలు, బాలికల జననాంగాల కోత 2030 నాటికి అంతం కావాలన్నది సుస్థిరాభివృద్ధి లక్ష్యం 5.3.

ప్రపంచం
• యునిసెఫ్ అంచనా (2024): కోతకు గురైనవారు 23 కోట్లకు పైనే.
• నిర్మూలన దినం: ఫిబ్రవరి 6.
• కెన్యాలో 1996లో ప్రత్యామ్నాయ వేడుక మొదలైంది. కోత ఉండదు, బాలికలకు ఆరోగ్య పాఠాలు చెప్పి, చివర్లో ఊరంతా పండుగ చేస్తారు.

భారత్
• దావూదీ బోహ్రా ముస్లింలలో బాలికలకు చేసే కోత 'ఖత్నా'పై కేసును సుప్రీంకోర్టు 2018లో విస్తృత ధర్మాసనానికి నివేదించింది.

మన నేల
గుంటూరు, ప్రకాశం పల్లెల్లో ఈడొచ్చిన పిల్లను చాప మీద కూర్చోబెట్టి చిమ్మిలి పెడతారు. మేనమామ కొత్తబట్టలు తెస్తాడు, పేరంటాళ్లు హారతి పడతారు. ఈ వేడుకలో ఒంటికి గాయం లేదు. ముప్పంతా ఆ తర్వాతే: బడి మానిపించి పత్తి తీతకో మిరప కోతకో పంపడం, పెళ్లికి తొందరపడటం.

• జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే-5 (2019–21): 20–24 ఏళ్ల స్త్రీలలో 18 నిండకముందే పెళ్లయినవారు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, దేశంలో 23.3 శాతం.
• బాల్య వివాహ నిషేధ చట్టం: 2006. సహాయానికి: 1098.
• 'స్వేచ్ఛ' (2021): ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ విద్యాసంస్థల్లో 7–12 తరగతుల బాలికలకు ఉచిత శానిటరీ నాప్‌కిన్లు.

మెయిన్స్‌కు: వేడుకను ఉంచి హానిని తొలగించడమే కెన్యా నేర్పే పాఠం. పిల్ల చదువు ఆపబోమని బంధువులందరి ముందు మాట ఇచ్చే సందర్భంగా మన వేడుకా మారాలి.