పూలతోట చెప్పెడి పాఠము

భగవంతునకు పుష్పము సమర్పించువారు దాని వర్ణమును, పరిమళమును చూతురు. అది పూచుటకు ముందు మొక్క పడిన కష్టమును తలచువారు అరుదు. ఆ కష్టమును తెలిసికొన్నచో పెరటిలోని పూలమొక్కయే మనకు గురువగును. మోపిదేవి పరిసరములలో, దివిసీమలో ఇంటింట కానవచ్చు మూడు మొక్కలను పరిశీలింతము.

మొదటిది మల్లె. వేసవిలో స్వామికి మాలలగు మల్లెలకు శీతకాలముననే పని మొదలగును. తోటమాలి నీరు పెట్టుట మానును, ఆకు దూయును, కొమ్మలు కత్తిరించును. కొన్నాళ్లు ఆ పొద మోడువలె కనబడును. పిదప పాదు త్రవ్వి, ఎరువు వేసి, నీరు పెట్టగా క్రొత్త చివుళ్లు వచ్చును. మల్లె లేత రెమ్మలకే మొగ్గ తొడుగును గాన, కత్తిరింపని పొదకు పూలు తగ్గును. నియమము, ఉపవాసము, కోరికలను తగ్గించుకొనుట మనకట్టి కత్తిరింపులే.

రెండవది గన్నేరు. దళసరియైన దాని ఆకు తేమను నిలుపుకొనును. నీటి ఎద్దడికి, సముద్రపు ఉప్పుగాలికి అది ఓర్చుకొనును. ఇతర మొక్కలు వాడినపుడును అది పూచుచుండును. పరిస్థితి మారకున్నను నిలువవచ్చునని గన్నేరు చెప్పుచున్నది.

మూడవది పారిజాతము. రాత్రి విచ్చి, తెల్లవారునప్పటికి నేల రాలును. రాలిన పూవు పూజకు తగదను నియమము దీనికి లేదు. నేలబడిన దానినే ఏరి స్వామికి సమర్పించుట ఆచారము. పడిపోయితినని కుందు మానవునకు ఇంతకు మించిన ఊరట ఏమున్నది?

అయితే ఇచ్చట ఒక హెచ్చరిక అవసరము. కష్టములన్నియు మల్లెకొమ్మ కత్తిరింపు వంటివి కావు. 1977 నవంబరు 19న దివిసీమపై విరుచుకుపడిన ఉప్పెనలో వేలాది ప్రాణములు పోయినవి. బిడ్డను పోగొట్టుకొన్న తల్లికి “ఇది నీ మేలునకే” అని చెప్పుట ధర్మము కాదు. తోటమాలి కత్తెర వేరు, ఉప్పెన వేరు. వ్రేళ్లతో పెకలింపబడిన దానికి కావలసినది ఉపదేశము కాదు, చేయూత.

ఉప్పునీరు మునిగిన నేల ఎట్లు బాగుపడునో ఈ సీమ రైతులెరుగుదురు. మంచినీరు నిలిపి, ఉప్పును కరిగించి, మురుగు కాలువలోనికి వదలవలెను. ఉప్పుకు ఓర్చు జీలుగను చల్లి, పెరిగిన పిదప దానిని నేలలో కలియదున్నవలెను. ఒక్కమారు చేసిన చాలదు, ఏటేట చేయవలెను. దుఃఖించు హృదయమునకును మార్గమిదియే. ఆప్తుల ఆదరణము, నిత్యకర్మ, నామస్మరణము కొంచెము కొంచెముగా చేదును కడుగును.

మన సంప్రదాయమున పూలతోటకు గల స్థానమును గుర్తింపుడు. శ్రీవిల్లిపుత్తూరున విష్ణుచిత్తుడు తులసివనమున దొరికిన పసిబిడ్డను పెంచెను. ఆమెయే గోదాదేవి. తల్లిదండ్రులెవరో తెలియని శిశువు రంగనాథుని దేవేరియైనది. ఆ కథను కావ్యముగా చెప్పుమని ఆంధ్రవిష్ణువు శ్రీకృష్ణదేవరాయలకు కలలో ఆనతిచ్చినది ఈ కృష్ణాతీరమందలి శ్రీకాకుళముననే. ఆ కావ్యము ఆముక్తమాల్యద.

శ్రీరంగమున విప్రనారాయణుడు తోట పెంచి పూలమాలలు సమర్పించెడివాడు. దేవదేవి వ్యామోహమున ఆ సేవను మరచి, దొంగతనపు నిందకును గురియయ్యెను. స్వామి కృపచే నింద తొలగినది. ఆయన మరల స్వామి సేవలోనికే వచ్చెను, భక్తుల పాదధూళినని పేరు దాల్చి ఆళ్వారులలో ఒకడయ్యెను. పడినవానికి వెనుకటి సేవ తలుపు తెరచియే యుండును.

కావున ప్రతి గృహస్థుడును పెరటిలో ఒక తులసిని, ఒక పూలమొక్కను పెంచవలెను. పిల్లలచేత నీరు పోయింపవలెను. పూవు పూయని దినమున ఒక తులసిదళమైనను చాలును. పొరుగింట కష్టము కలిగినపుడు ముందు వారికి అన్నము, నీరు అందించి పిదప పూజకు కూర్చుండుడు. ఆ దినమున స్వామి స్వీకరించు తొలి పుష్పమదియే.