సంక్రాంతి సెలవుల్లో ఊరి లెక్క

సంక్రాంతి సెలవులకు బడిలో ఇచ్చే ప్రాజెక్టు చాలా ఇళ్లలో ఆఖరి రాత్రి అమ్మానాన్నల చేతుల్లో పూర్తవుతుంది. నెట్‌లో దొరికిన బొమ్మలు చార్టుకు అంటించి పంపేస్తాం. ఈసారి పిల్లల్ని అమ్మమ్మగారింటికో నానమ్మగారింటికో తీసుకెళ్లేటప్పుడు ఆ ఊరి జనాభా లెక్కలు కూడా వెంట తీసుకెళ్లండి. జనగణన శాఖ వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతాయి. 2011 పట్టికల్లో ఒక్కో రెవెన్యూ గ్రామానికి ఒక్కో వరుస ఉంది. ఇళ్లెన్ని, ఆడవాళ్లెందరు, మగవాళ్లెందరు, చదువొచ్చినవాళ్లెందరు, సొంత సాగు చేసేవాళ్లెందరు, కూలికి వెళ్లేవాళ్లెందరు, అన్నీ అందులో ఉంటాయి. మీది శివారు పల్లె అయితే దాని పేరు విడిగా కనిపించదు. అది ఏ రెవెన్యూ గ్రామం కిందికి వస్తుందో తాతయ్యను అడగమనండి.

మొదట చూపించాల్సింది ఏడేళ్లు నిండని పిల్లల గడి. భోగి సాయంత్రం వీధిలో ఎవరెవరికి భోగిపళ్లు పోస్తున్నారో మీ పాప చూస్తూనే ఉంటుంది కాబట్టి ఆ వయసు పిల్లలు తనకు కొత్త కాదు. వీధిలో ఏడేళ్ల లోపు వాళ్లెందరో లెక్కపెట్టమనండి. తర్వాత అక్షరాస్యత శాతం కట్టమనండి. చదువొచ్చినవాళ్ల సంఖ్యను మొత్తం జనాభాతో భాగిస్తే తప్పు జవాబు వస్తుంది. ఏడేళ్లు నిండినవాళ్లనే జనగణన ఆ లెక్కలోకి తీసుకుంటుంది, చిన్నపిల్లల్ని ముందే తీసేయాలి. ఈ మాట మీరు వెంటనే చెప్పేయకండి. ఊయలలో ఉన్న తమ్ముణ్ని చదువురానివాళ్ల జాబితాలో వేశానని పాపే కనిపెట్టుకోనివ్వండి.

అన్నిటికన్నా విలువైన ప్రశ్న పండగే అడుగుతుంది. ఏడాదంతా తాళం పడి ఉండే ఇళ్లు నాలుగు రోజులు తెరుచుకుంటాయి. కనుమ రోజున జనాన్ని లెక్కపెడితే ఊరి జనాభా ఎంత వస్తుంది? మరి వీళ్లంతా ఏ ఊరివాళ్లు? 2011లో ఇంటింటి లెక్క ఫిబ్రవరి 9 నుంచి 28 వరకు జరిగింది. ఆ ఇరవై రోజులూ ఊళ్లో లేనివాళ్లను ఎక్కడ ఉంటే అక్కడే లెక్కించారు. పాలమూరు నుంచి నగరాలకు కూలికి వలస వెళ్లి అప్పటికి తిరిగిరాని కుటుంబం సొంతూరి అంకెలో లేదన్నమాట. ఏడాదిలో ఆరు నెలలకన్నా తక్కువ పని దొరికినవాళ్లకు ఆ పట్టికలోనే వేరే గడి ఉంది. ఆ గడి దగ్గర ఆగి, ఊళ్లో ఏ నెలల్లో పని ఉండదో పెద్దవాళ్లను అడిగించండి. పంటకూ వలసకూ ఉన్న ముడి పిల్లలకు అక్కడే అర్థమవుతుంది. రాబోయే జనగణనకు ప్రభుత్వం ప్రకటించిన తేదీ 2027 మార్చి 1. ఆ లెక్కలు వచ్చాక ఇదే వరుసను మళ్లీ పోల్చి చూడవచ్చు.

ఒక జాగ్రత్త. పలకా పెన్సిలూ పట్టుకుని ఇరుగుపొరుగు గడపలు తొక్కనివ్వకండి. కులం, ఆదాయం, ఎంతమంది పిల్లలు అనే ప్రశ్నలు పండగపూట ఎవరి మనసునైనా నొప్పించవచ్చు. మనిషి మనిషికీ ఉన్న వివరాలు బయటపెట్టకూడదని 1948 జనగణన చట్టమే చెబుతోంది. ఆ సంగతి పిల్లలకు చెప్పండి, మన్నన నేర్పడానికి అదో దారి.

ఇంకొకటి కూడా మనవి చేస్తాను. మనం చదువుకున్న రోజుల్లో జనాభా అంటే బరువనే పాఠం ఉండేది. దాన్ని అలాగే అప్పగించకండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఒక్కో స్త్రీకి సగటు కాన్పులు ఆంధ్రప్రదేశ్‌లో 1.7, తెలంగాణలో 1.8. తరానికి తరం సరితూగాలంటే సుమారు 2.1 ఉండాలి. ముగ్గురు పిల్లలున్న ఇంట్లో మూడోవాడు తానో బరువనుకునే మాట మన నోటి నుంచి రాకూడదు.

వీధిలో లెక్కపెట్టిందీ పట్టికలో ఉన్నదీ సరిపోలకపోతే పిల్లల్ని చెరిపేయనివ్వకండి. రెండు అంకెలూ పక్కపక్కనే ఉంచి, తేడా ఎందుకొచ్చిందో వాళ్లకు తోచినట్టు, వాళ్ల చేతిరాతతోనే రాయించి బడికి పంపండి.