పుస్తకం ప్రెస్సుకెళ్ళే ముందు: ప్రశ్నలు - జవాబులు

ప్రశ్న: నా కథలన్నీ యూనికోడ్‌లో టైపు చేసుకున్నాను. డీటీపీ ఆయన వాటిని అను ఫాంట్లలోకి మార్చి పేజ్‌మేకర్‌లో పెడతానంటున్నారు. సరేననవచ్చా?
- ఒక కథకురాలు, వరంగల్

జవాబు: వేరే దారి ఉంటే వద్దమ్మా. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 2001లో వచ్చింది. యూనికోడ్ తెలుగు దానికి తెలియదు కాబట్టే ఈ మార్పిడి. అనులో కనబడేది తెలుగే అయినా, వెనక ఉండేవి ఇంగ్లీషు అక్షరాల కోడ్లు. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే అర్థంలేని గుర్తులు కనిపిస్తాయి. రేపు ఈ-బుక్ వేయాలన్నా, రెండో ముద్రణలో ఒక వాక్యం దిద్దాలన్నా మళ్ళీ మార్పిడి తప్పదు. మార్చిన ప్రతిసారీ కొత్త తప్పులు దొర్లుతాయి.

ఇన్‌డిజైన్‌లో యూనికోడ్ తెలుగుతో పేజీలు కట్టేవాళ్ళను వెతకండి. మీరే కట్టుకోగలిగితే లిబ్రే ఆఫీస్ ఉచితం. కథల పుస్తకానికి అది చాలు. సిలికానాంధ్ర విడుదల చేసిన మండలి, రామభద్ర వంటి ఫాంట్లు కూడా ఉచితమే, ముద్రణకు వాడుకోవచ్చు. ఇక మార్పిడి తప్పదంటే, ప్రూఫు పాత ఫైలు మీద కాదు, మార్చిన తర్వాత వచ్చిన పేజీల మీద చదవండి.

ప్రశ్న: వర్డ్‌లో చక్కగా ఉన్న తెలుగు ఇన్‌డిజైన్‌లోకి రాగానే ముక్కలవుతోంది. ఏం చేయాలి?
- డిగ్రీ విద్యార్థి, రాజమహేంద్రవరం

జవాబు: ‘స్త్రీ’ అని ఉండాల్సిన చోట ‘స్‌త్‌రీ’ అని కనబడుతోందా? అయితే తప్పు ఫాంటుది కాదు, పేరాగ్రాఫ్ కంపోజర్‌ది. పేరాగ్రాఫ్ స్టైల్ సెట్టింగుల్లో ‘వరల్డ్ రెడీ పేరాగ్రాఫ్ కంపోజర్’ ఎంచుకోండి. ఒత్తులు వాటి చోటికి వస్తాయి.

ఆ తర్వాత రెండు చూడాలి. మొదటిది, ‘సాఫ్ట్‌వేర్’ వంటి మాటలు. అక్కడ ట, వ కలవకుండా ఆపే కనబడని గుర్తు ఒకటి ఉంటుంది. ఫైలు చేతులు మారేటప్పుడు అది ఎగిరిపోతే ‘సాఫ్ట్వేర్’ అయిపోతుంది. అలాంటి మాటల జాబితా రాసుకుని, ఫైండ్‌లో ఒక్కొక్కటీ వెతకండి.

రెండోది, వరసల మధ్య జాగా. ఇంగ్లీషు పుస్తకాల కొలత మనకు చాలదు. ‘రాష్ట్రం’లో ఒత్తు కింద ఒత్తు ఉంది. కింది వరసలో సరిగ్గా దాని కిందే ‘శ్రీ’ పడితే ఒత్తూ గుడీ ఢీకొంటాయి. 12 పాయింట్ల అక్షరానికి 17, 18 పాయింట్ల లీడింగుతో (వరస నుంచి వరసకు దూరం) మొదలుపెట్టి, ఒక పేజీ ప్రింటు తీసి చూడండి. పేజీలు తగ్గించడానికి ఈ జాగాను నొక్కేయకండి. పెద్ద వయసు పాఠకుల కళ్ళకు అదే ఊరట.

ప్రశ్న: నా పుస్తకం 193 పేజీలు వచ్చింది. ప్రెస్సువాళ్ళు 192కి తగ్గించమంటున్నారు. ఒక్క పేజీకి ఎందుకంత పట్టుదల?
- రిటైర్డు ఉపాధ్యాయుడు, తెనాలి

జవాబు: వాళ్ళు మీ ఖర్చు తగ్గించే మాటే చెప్పారు మాస్టారూ. ఆఫ్‌సెట్‌లో లెక్కంతా ఫారాల్లోనే, అంటే ఒకే కాగితం మీద అచ్చయ్యే పేజీల కట్టల్లోనే. డెమీ 1/8 సైజులో ఫారానికి 16 పేజీలనుకుంటే, 192 సరిగ్గా 12 ఫారాలు. ఆ ఒక్క పేజీ కోసం మరో ఫారమో, అందులో ముక్కో వేయాలి. చివరి పేజీలో మిగిలినవి నాలుగైదు వరసలే అయితే, ముందు అధ్యాయాల్లో ఒక్క మాటతో ముగిసే పేరాలు వెతికి సవరించండి. సర్దుకుంటుంది.

ప్రశ్న: కవర్ ఫైలు ఎలా ఇవ్వాలి?
- ఒక కవయిత్రి, అనంతపురం

జవాబు: ముందు అట్ట, వెన్ను, వెనక అట్ట కలిపి ఒకే ఫైలుగా ఇవ్వాలి. కోతకోసం చుట్టూ 3 మిల్లీమీటర్ల బ్లీడ్ వదలండి. వెన్ను మందం కాగితాన్ని బట్టి మారుతుంది. 70 జీఎస్ఎం మ్యాప్‌లిథో మీద 200 పేజీలంటే 100 ఆకులు, దాదాపు సెంటీమీటరు. కచ్చితమైన కొలత ప్రెస్సువాళ్ళనే అడిగి, లోపలి పేజీల సంఖ్య ఖాయమయ్యాకే వెన్ను గీయించండి.

బొమ్మ 300 డీపీఐ ఉండాలి. అంటే అయిదున్నర అంగుళాల వెడల్పుకు 1650 పిక్సెళ్ళు. వాట్సాప్‌లో మామూలు ఫోటోగా పంపితే నాణ్యత పడిపోతుంది, డాక్యుమెంటుగా పంపండి. రంగులు సీఎంవైకేలోకి మార్చాక మెరిసే నీలాలు, ఆకుపచ్చలు కాస్త మందగిస్తాయి. ఆ మార్పు మీరు ముందే చూసుకోవాలి. చిన్న అక్షరాలు నలుపు ఒక్క రంగుతోనే ఉండాలి. నాలుగు రంగులు కలిసి నలుపైతే, ప్లేటు వెంట్రుకవాసి జరిగినా అక్షరం మసకబారుతుంది.

వెనక అట్ట మీద వేసే ఐఎస్‌బీఎన్ మన దేశంలో ఉచితం. రాజా రామమోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీకి ఆన్‌లైన్‌లో ముందుగానే దరఖాస్తు చేయండి. ఈ-బుక్‌కు వేరే నంబరు కావాలి.

అందరికీ ఒక మాట: ప్రెస్సుకు పీడీఎఫ్ మాత్రమే ఇవ్వండి, వర్డ్ ఫైలు వద్దు. రీడర్‌లో ప్రాపర్టీస్ తెరిచి, ఫాంట్లన్నిటి పక్కనా ‘ఎంబెడెడ్’ అని ఉందో లేదో చూడండి. అదే పీడీఎఫ్‌ను అసలు సైజులో ప్రింటు తీసి, రచన తెలియని మనిషితో ఒకసారి చదివించండి. మనం రాసింది మనకు కంఠతా వచ్చు కాబట్టి జారిపోయిన ఒత్తు మన కంటికి ఆనదు. ప్రెస్సువాళ్ళు మీరిచ్చింది ఇచ్చినట్టే అచ్చు వేస్తారు. వెయ్యి కాపీలకు సరేననే ముందు ఆ చదువుకు ఒక వారం కేటాయించండి.